చెప్పినవారి పేరు

మూడేళ్ల క్రితం ఒక విశ్వవిద్యాలయంలో, వృక్షశాస్త్ర విభాగంలోని ఇనుప బీరువాల మధ్య నిలబడి నేను సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు గురించే ఈ వ్యాసం.

నా పి.హెచ్.డి. పాలమూరు స్త్రీల పాటల మీద. కోడేరు మా అమ్మమ్మ ఊరు. 2016 బతుకమ్మ పండుగ రోజుల్లో అక్కడే ఉండి, బతుకమ్మ పాటలతో పాటు నాట్లప్పుడూ కలుపుతీతల్లోనూ పాడే పాటలు కూడా అడిగి పాడించుకుని రికార్డు చేసుకున్నాను. ఆ ఏడు దసరా నాడే, అక్టోబరు 11న, కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. మా ఊరు మహబూబ్‌నగర్ జిల్లాలో పడుకుని నాగర్‌కర్నూల్ జిల్లాలో లేచింది. ఆ తారీఖు నాకు అందుకే గుర్తుంది. మిగతావి చాలా మరిచిపోయానని తర్వాత తెలిసింది.

పాటలన్నిటా మొక్కలే. తంగేడు, గునుగు, తుమ్మి, చెంచలి, గంగవాయిలి, పొన్నగంటి, రెల్లు, చండ్ర. సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వేద్దామనుకున్నప్పుడు చివర ఒక పట్టిక ఉంటే బాగుంటుందని, ప్రతి మొక్కకీ శాస్త్రనామం ఇవ్వాలని అనిపించింది. అలా వెళ్లాను ఆ మేడమ్ దగ్గరికి. ఆమె వృక్షశాస్త్ర ఆచార్యులు. రిటైరయ్యాక కూడా వారానికి రెండు రోజులు వచ్చి హెర్బేరియం చూసుకుంటారు. నా జాబితాలో నలభై పేర్లున్నాయి. పైనుంచి కిందిదాకా చదివి ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "ఈ చెంచలి ఎవరు చూపించారు?"

"ఊళ్లో ఒక పెద్దావిడ మేడమ్."

"పేరు?"

నాకు తెలియదు. ఊరంతా ఆమెను అవ్వ అనే పిలిచేది. నేనూ అవ్వా అనే పిలిచాను. నేను కోడేరులో రికార్డు చేసిన పాటల్లో సగం ఆమె పాడినవే.

"ఎక్కడ చూపించింది? చేనులోనా, చెరువు గట్టు మీదా? పువ్వు మీదుందా? ఏ నెల?"

దేనికీ నా దగ్గర జవాబు లేదు. మేడమ్ నొప్పించే మనిషి కాదు. నెమ్మదిగా అన్నారు: "ఎవరు సేకరించారో, ఎక్కడో, ఎప్పుడో లేని షీటు మా దగ్గరికి వస్తే అది ఎండుగడ్డి కిందే లెక్క. ఎంత అందంగా అతికించినా సరే."

ఆ పూట ఆమె నాకు హెర్బేరియం అంటే ఏమిటో చూపించారు. మొక్కను పువ్వుతోనో కాయతోనో సహా తీసుకొచ్చి, పాత పేపర్ల మధ్య పరిచి, అదిమి, బూజు పట్టకుండా పేపర్లు మార్చుకుంటూ ఆరబెడతారు. ఆరాక దళసరి కాగితం మీద అతికిస్తారు. పురుగు పట్టకుండా ఒకప్పుడు పాదరసం ఉప్పు ద్రావణంలో ముంచేవారు. అందుకే పాత షీట్లు ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. షీటుకి కుడివైపు అడుగున లేబుల్ ఉంటుంది. శాస్త్రనామం, కుటుంబం, దొరికిన చోటు, తేదీ, స్థానిక నామం, సేకరించినవారి పేరు, వారి వరుస సంఖ్య. ఇలాంటి షీట్లు ప్రపంచం మొత్తం మీద మూడు వేలకు పైగా హెర్బేరియంలలో దాదాపు 40 కోట్లు ఉన్నాయట. హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియంలోనే 20 లక్షల దాకా ఉన్నాయి.

వందేళ్ల నాటి ఎండుటాకుల నుంచి ఇవాళ డి.ఎన్.ఏ. తీస్తున్నారు. ఏ మొక్క ఏ మొక్కకు చుట్టమో, ఏ కొమ్మ నుంచి ఎప్పుడు చీలిందో దాన్నిబట్టే లెక్కగడుతున్నారు. అప్పటి తేదీని ఇప్పటి తేదీతో పోల్చి, ఎండలు ముదిరి పూత ఎంత ముందుకు జరిగిందో చెబుతున్నారు. ఆ మొక్కను కోసినవాళ్లకు ఈ ఉపయోగాలేవీ తెలియవు. అయినా తేదీ వేశారు. ఎప్పటికో, ఎవరికో పనికొస్తుందని నమ్మి తెలిసినంతా రాసిపెట్టారు. పరిణామశాస్త్రం ఈ చిన్న నిజాయితీ మీద నిలబడి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది మరొకటి. షీట్ల మీద చిన్న చిన్న చీటీలు అతికించి ఉన్నాయి. ఎవరో ఒకరు ఒక పేరు పెడతారు. ముప్పై ఏళ్ల తర్వాత మరొకరు చూసి, కాదు, ఇది ఫలానా జాతి అని, తన పేరూ తేదీ వేసి చీటీ అతికిస్తారు. పాత చీటీని మాత్రం చించరు. తప్పు కూడా అక్కడే ఉంటుంది, తప్పు చేసినవారి పేరుతో సహా. "పేరంటే మేం ప్రస్తుతానికి అనుకుంటున్నది, అంతే. సాక్ష్యం మొక్కది" అన్నారు మేడమ్. జిల్లేడుకి ఒకప్పుడు వేరే కుటుంబం ఉండేది. ఇప్పుడు దాన్ని గన్నేరు కుటుంబంలో కలిపేశారు. ఆ బీరువాలో ఆ మార్పంతా చీటీల మీద చదవొచ్చు. మన సాహిత్య చరిత్రల్లో ఇలా చెరపకుండా దిద్దుకున్న పేజీ ఒక్కటైనా ఉందా అని ఆలోచించాను.

అక్కడిదాకా సిగ్గంతా నాదే. తర్వాత ఒక షీటు మీద నా చూపు ఆగింది. గునుగు. లేబుల్ మీద స్థానిక నామం గడిలో గునుగు అని తెలుగులోనే రాసి ఉంది.

"మేడమ్, ఇది గునుగు అని మీకు ఎవరు చెప్పారు?"

ఆమె కళ్లద్దాలు తీసి షీటు వైపు చూశారు. "ఊళ్లోవాళ్లు. పొలంలో ఎవరో ఆడవాళ్లు అయ్యుంటారు. ఆ పేర్లు ఒక్కోసారి ఫీల్డ్ నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. లేబుల్ మీద ఆ గడి లేదు." కాసేపాగి మళ్లీ అన్నారు: "నల్లమలలో మా ముందు నడిచిన చెంచు ఆయన లేకపోతే సగం మొక్కలు మాకు దొరికేవే కావు. సేకరించినవారు అన్న చోట నా పేరే ఉంది."

ఇది ఆ మేడమ్ ఒక్కరి సంగతి కాదు. మన నేల మీద వృక్షశాస్త్రం పుట్టిన రోజు నుంచీ ఉన్న గడే ఇది, లేని గడి. విలియం రాక్స్‌బర్గ్ 1776లో మద్రాసులో దిగిన వైద్యుడు. 1781 నుంచి సామర్లకోటలో ఉండి గోదావరి, ఉత్తర సర్కారుల మొక్కల్ని పన్నెండేళ్లు పరిశీలించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి లండన్‌లో సంపుటాలుగా వచ్చింది. తెలుగు పేర్లు ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు. వాటిలో కొన్ని శాస్త్రంలోకే వెళ్లాయి. జ్వరానికి బెరడు వాడే సోమిడ మాను ఇవాళ ప్రపంచమంతటా సోయ్‌మిడా. మన చండ్ర శాస్త్రనామంలో చుండ్రా అయి కూర్చుంది. రాక్స్‌బర్గ్ కోసం రెండున్నర వేలకు పైగా బొమ్మలు గీసిన మనవాళ్ల పేర్లు దాదాపుగా ఏవీ మిగల్లేదు. సోమిడ అని చెప్పిన నోరు ఎవరిదో అసలే తెలియదు. మాట మిగిలింది, మనిషి మిగల్లేదు.

మా వైపు సంగతి ఇంకొంచెం వేరు. గాంబుల్ 1915లో మొదలుపెట్టగా ఫిషర్ 1936లో ముగించిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షసంపద గ్రంథం మా కృష్ణ దగ్గర ఆగిపోయింది. ఇవతలి ఒడ్డు నిజాం రాజ్యం, కొల్లాపూర్ కేంద్రంగా జటప్రోలు సంస్థానం. రెల్లు రెండు ఒడ్డులా ఒకేలా పూసినా శాస్త్రం మాత్రం సర్కారు సరిహద్దు దాటలేదు. స్వాతంత్ర్యం తర్వాత బొటానికల్ సర్వే తరపున జె. ఎల్. ఎల్లిస్ నల్లమల మొక్కల మీద రాసిన రెండు సంపుటాలు 1987లో, 1990లో వచ్చాయి. అనంతపురంలో టి. పుల్లయ్య గారు, చెన్నయ్య గారితో కలిసి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి, అంటే తెలంగాణను కూడా కలుపుకుని, చేసిన గ్రంథం 1997లో మొదలైంది. ఆ శ్రమను నేను తక్కువ చేయడం లేదు. శ్రీశైలం జలాశయం 1980ల మొదట్లో మా దగ్గరి కృష్ణ ఒడ్డు ఊళ్లను ముంచేసింది. అంతకుముందు ఎవరైనా అక్కడ ఒక కొమ్మ కోసి తేదీ వేసి ఉంటే, ఆ గట్టుకు సాక్ష్యం ఆ కాగితమే.

రెల్లు అనగానే జానకి అమ్మాళ్ గుర్తుకొస్తారు. తలశ్శేరిలో 1897లో పుట్టి, మిషిగన్‌లో 1931లో డాక్టరేట్ తీసుకుని, తిరువనంతపురంలో వృక్షశాస్త్ర ఆచార్యులుగా పనిచేసి, 1934లో కోయంబత్తూరు చెరుకు పరిశోధన కేంద్రానికి వచ్చారు. మన రెల్లు చెరుక్కి అడవి చుట్టం. తియ్యటి చెరుకుతో దాన్ని సంకరం చేస్తేనే మన వాతావరణానికి తట్టుకునే రకాలు వచ్చాయి. ఆ రెల్లులో ప్రాంతాన్ని బట్టి క్రోమోజోముల సంఖ్య మారుతుందని ఆమె లెక్కించి చూపారు. ఒకే పేరుతో పిలిచే గడ్డిలో ఇన్ని రకాలున్నాయంటే, జాతి అనేది గీత గీసినట్టు ఉండదన్నమాట. అది ఇంకా నడుస్తున్న ప్రయాణం. తర్వాత ఇంగ్లండులో డార్లింగ్టన్‌తో కలిసి 1945లో సాగు మొక్కల క్రోమోజోమ్ అట్లాస్ తెచ్చారు. నెహ్రూ పిలుపు మీద తిరిగొచ్చి 1950లలో బొటానికల్ సర్వే పునర్నిర్మాణంలో పనిచేశారు. ఆదివాసులకు మొక్కల గురించి తెలిసినదాన్ని శాస్త్రంగా నమోదు చేసే కార్యక్రమం 1954లో అక్కడ మొదలైంది ఆమె చొరవతోనే.

ఆ నమోదులో గడి ఒకటి పుట్టింది. కానీ అందులో చేరింది తెగ పేరు. 'చెంచులు వాడతారు', 'కోయలు తింటారు'. చెప్పిన చెంచు మనిషి పేరు ఉండదు. కేరళలో కాణి తెగ మార్గదర్శకులు 1987లో శాస్త్రవేత్తలకు ఆరోగ్యపచ్చ చూపిస్తే, ఆ మొక్కతో చేసిన మందుకి 1995లో లైసెన్సు ఇచ్చినప్పుడు రుసుములో సగం తెగకు ఇవ్వాలని నిర్ణయించారు. దేశంలో అది కొత్త మాట. అయినా కాణీలందరినీ అడగలేదన్న విమర్శ వచ్చింది. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది, ఊరూరా ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు పెట్టాలంది. చట్టం లాభం ఎలా పంచాలో చెబుతుంది. పేరు విషయంలో మనం ఒకరికి ఏం బాకీ పడ్డామో చెప్పదు.

నా ప్రశ్న అదే. ఒకరి నోటి నుంచి విన్నదాన్ని కాగితం మీద పెట్టినప్పుడు మనం వాళ్లకు ఏం బాకీ పడతాం? పేరు రాస్తే తీరిపోతుందా? రాయకపోతే అది దొంగతనమా?

వృక్షశాస్త్రంలో టైప్ అని ఒకటుంది. కొత్త జాతిని వర్ణించినప్పుడు ఒక షీటును ఎంచి, ఆ పేరును దానికి కట్టేస్తారు. నేను టైప్ అంటే ఆ జాతిలో మామూలుగా కనిపించేది, జాతికి ప్రతినిధి అనుకున్నాను. కాదన్నారు మేడమ్. "అది ఆ జాతిలో అన్నిటికన్నా విచిత్రమైనది కూడా కావచ్చు. అది మిగతావాటి తరపున మాట్లాడదు. పేరు మోస్తుంది, అంతే."

ఆ కట్టు తెగితే ఏమవుతుందో మన తుమ్మ చెట్టు చెబుతుంది. అకేషియా అనే పేరు ఆఫ్రికాలోనూ మన దగ్గరా ఉన్న తుమ్మకు కట్టి ఉండేది. ఆస్ట్రేలియాలో అకేషియాలు వెయ్యి దాకా ఉన్నాయి, అన్నిటి పేర్లూ మార్చలేమన్నారు. 2005 వియన్నా సమావేశంలో టైప్‌ను ఆస్ట్రేలియా మొక్కకు మార్చారు, 2011లో మెల్‌బోర్న్‌లో దాన్ని ఖాయం చేశారు. సంఖ్యాబలం గెలిచింది. మన నల్లతుమ్మ వాచెల్లియా అయ్యింది. కోడేరు మేకలకు ఈ సంగతి తెలియదు. కానీ పేరు ఎవరి దగ్గర ఉండాలన్నది ఎప్పుడూ బలం సంగతేనని, శాస్త్రంలో కూడా అంతేనని నాకు తెలిసింది.

ఇంటికొచ్చి నా సిద్ధాంత గ్రంథం తీశాను. అవ్వ పాటలు ఉదహరించిన ప్రతిచోటా అడుగున ఒకే వాక్యం ఉంది: 'ఒక వృద్ధ మహిళ, కోడేరు.' మూడో అధ్యాయంలో ఆమె పాటల ఆధారంగా పాలమూరు శ్రామిక స్త్రీ ప్రకృతిని ఎలా చూస్తుందో ఇరవై పేజీలు రాశాను. వలస వెళ్లిన మగవాళ్ల గురించి, కరువు కూరల గురించి, శ్రమకూ పాటకూ ఉన్న సంబంధం గురించి. వైవాలో అందరికీ నచ్చిన అధ్యాయం అదే. హెర్బేరియంలో టైప్ పేరు మోస్తుంది, ఎవరికీ ప్రాతినిధ్యం వహించదు. నేను అవ్వ చేత పాలమూరు స్త్రీలందరికీ ప్రాతినిధ్యం వహింపజేశాను, పేరు మాత్రం మోయనివ్వలేదు. ఎండుటాకుకు ఇచ్చిన పాటి గౌరవం ఆమెకు ఇవ్వలేదు.

నాకు నేను చెప్పుకున్న సమాధానాలు మీలో చాలామందికి తెలిసినవే. మౌఖిక సాహిత్యం సామూహికం, దానికి కర్త ఉండడు. సమాచారం ఇచ్చినవారి గోప్యత కాపాడాలి. రెండూ నిజమే. కానీ నా విషయంలో అబద్ధాలు. అవ్వ పాడినదాంట్లో ఆమె సొంతం చాలా ఉంది. రెండో రోజు ఒక మొక్కను నేను గునుగు అంటే, "గది గునుగు గాదు బిడ్డా, ఆకు జూడు" అని సరిదిద్ది, లేత చెంచలి ఏ పదునులో కొయ్యాలో, ఎప్పుడు ముదిరి చేదెక్కుతుందో చెప్పి, అప్పటికప్పుడు పాటలో ఒక చరణం మార్చి పాడింది. అది ఊరి ఉమ్మడి ఆస్తి కాదు, ఆమె తెలివి. ఇక గోప్యత అంటారా, అడిగి దాస్తే గోప్యత. నేను అడగనే లేదు. నిర్లక్ష్యానికి తర్వాత వెతుక్కున్న మంచి పేరు అది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మా ఊళ్లోనే, చదువుకున్న ఇళ్లలో పాడిన ఇద్దరి పేర్లు మాత్రం నా గ్రంథంలో ఇంటిపేర్లతో సహా ఉన్నాయి.

ఆ ఏడు బతుకమ్మకు మళ్లీ కోడేరు వెళ్లాను. అవ్వ పోయి అప్పటికే నాలుగేళ్లయింది. ఆమె బిడ్డను నేను చిన్నమ్మా అంటాను. వాకిట్లో కూర్చుని పత్తి విడదీస్తోంది. నేను చేసిన తప్పు చెప్పాను. అవ్వ అసలు పేరు అడిగాను.

"రేషన్ కార్డుల ఒక పేరుండె. మా తాతగారింట్ల పెట్టింది ఒక పేరు. ఏది రాస్తవ్?" అంది.

"అవ్వకు ఏది ఇష్టం?"

చిన్నమ్మ చేతులు ఆగాయి. "గదేదో ఆమెనే అడగాల్సింది గద. ఆమెకు ఇష్టమో కాదో ఇప్పుడు నన్నడిగితె నేనెట్ల చెప్పాలె?"

నా దగ్గర మాట లేదు. కాసేపయ్యాక ఆమే రెండు పేర్లూ చెప్పింది. "నీ కాడ రాసుకో. పత్రికల మాత్రం ఎక్కియ్యకు. అమ్మ ఒప్పుకున్నదో లేదో నాకెర్కలేదు." టీ తాగి పొమ్మంది. క్షమించాననీ అనలేదు, కోపమనీ అనలేదు.

అందుకే ఈ వ్యాసంలో కూడా అవ్వ పేరు లేదు. మొదటిసారి రాయకపోవడానికీ ఇప్పుడు రాయకపోవడానికీ పేజీ మీద తేడా కనిపించదు. తేడా అడగడంలో ఉంది. పేరు రాయడం బాకీ తీర్చే పద్ధతుల్లో ఒకటి మాత్రమేనని, అడగడం మాత్రం తప్పించుకోలేని బాకీ అని ఇప్పుడు నా అభిప్రాయం. బతికున్నప్పుడు అడగనిది తర్వాత ఎవర్ని అడిగినా పూర్తిగా తీరదు. శాస్త్రవేత్తలకైనా సాహిత్య పరిశోధకులకైనా, స్త్రీల పక్షాన నిలబడ్డామనుకునే మనకైనా ఇది ఒకటే. మన పక్షం మంచిదైతే మన పద్ధతి కూడా మంచిదే అయి ఉంటుందని అనుకోవడం నాకు సులువైంది. అదే నన్ను మోసం చేసింది.

మేడమ్‌కి ఈ సంగతి చెప్పాను. ఆమె తన పాత ఫీల్డ్ నోటుబుక్కులు దించి, దొరికినచోటల్లా దారి చూపినవారి పేర్లు వెతుకుతున్నారు. అన్నీ దొరకవని ఆమెకు తెలుసు. దొరికినవాటికి చీటీలు రాసి, బతికున్నవాళ్లను అడిగాకే అతికిస్తున్నారు. పాత లేబుల్ మీద తన పేరు అలాగే ఉంచుతున్నారు.

నేను కూడా నా దగ్గరున్న సిద్ధాంత గ్రంథం ప్రతిలో 'ఒక వృద్ధ మహిళ, కోడేరు' అన్న వాక్యం పక్కన ఒక చీటీ అతికించాను. పాత వాక్యం కొట్టెయ్యలేదు. చీటీ మీద అవ్వ రెండు పేర్లు, ఊరు, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా, 2016 అక్టోబరు. కింద దిద్దినవారు అని నా పేరు, ఆ రోజు తేదీ. ఇంకో గడి కూడా గీశాను: 'అడిగారా?' అందులో 'లేదు' అని రాశాను.

పుస్తకం ఇంకా వేయలేదు. పట్టికలో నలభై మొక్కల్లో పదకొండింటికి ఎవరు చెప్పారో ఇప్పుడు తెలుసు. చెప్పినవారిని అడిగాను కూడా. ముగ్గురు పేరు వెయ్యమన్నారు, ఇద్దరు వద్దన్నారు. ఒకామె మాత్రం ముందు చదివి వినిపించమంది. వచ్చే వారం వెళ్తున్నాను.